పొడుగు ఇంగ్లీషు మాటల్ని విరిచి చదవడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు మీడియంలో చదువుకుని ఇంగ్లీషు దగ్గర తడబడే పిల్లలకు చాలా ఏళ్లుగా పాఠం చెబుతున్నాను. ఆ పిల్లలూ వాళ్ల అమ్మానాన్నలూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇక్కడ ఒకచోట పెట్టాను. పొడుగు మాట కనబడగానే మనవాళ్లు స్పెల్లింగు బట్టీ పట్టడం మొదలుపెడతారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. పద్యపాదానికి గణవిభజన చేసిన పిల్లకీ, సంధి విడదీసిన పిల్లాడికీ ఈ పని ముందే వచ్చు. ఇంగ్లీషు క్లాసులో ఆ సంగతి వాళ్లకు ఎవరూ గుర్తు చేయరు, అంతే.

మాటను విరవడం అంటే అసలు ఏం చేయాలి?

ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి. మొదటిది నోటి కోసం, పలకడానికి వీలుగా సిలబుల్స్‌గా, అంటే ఒక్కో అచ్చు ధ్వనితో ఒక్క ఊపులో పలికే ముక్కలుగా విరవడం. రెండోది బుర్ర కోసం, అర్థం తెలిసేలా ముక్కలు చేయడం. తెలుగులో మొదటి దానికి దగ్గరగా ఉండేది గణవిభజన, రెండో దానికి దగ్గరగా ఉండేది సంధులూ సమాసాలూ విడదీయడం.

ఇంటర్నేషనలైజేషన్ అనే మాట చూడండి. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లు దీన్ని పూర్తిగా రాయలేక ఐ-18-ఎన్ అని రాస్తారు. మొదటి ఐకీ చివరి ఎన్‌కీ మధ్య 18 అక్షరాలున్నాయి మరి. నోటి కోసం విరిస్తే ఇన్-టర్-న్యాష్-అన్-అల్... అంటూ ఎనిమిది సిలబుల్స్ వస్తాయి, ఆ నాలుగో దాన్ని తొందరగా పలికేవాళ్లకు ఏడే. అర్థం కోసం విరిస్తే ఐదే ముక్కలు: ఇంటర్, నేషన్, అల్, ఐజ్, ఏషన్.

ఇప్పుడు తెలుగు మాట తీసుకోండి: అంతర్జాతీయీకరణ. అంతర్, జాతి, ఈయ, ఈకరణ. ఇంటర్ పక్కన అంతర్, నేషన్ పక్కన జాతి, అల్ పక్కన ఈయ, చివరి రెండు ముక్కల పక్కన ఈకరణ. ఇది కాకతాళీయం కాదు. లాటిన్ ఇంటర్, సంస్కృత అంతర్ ఒకే మూలం నుంచి వచ్చాయి. నేషన్, జాతి అనే రెండు మాటల వెనకా పుట్టడం అనే అర్థమున్న ఒకే పాత ధాతువు ఉంది. ఈ మాట మనకు కొత్తదేమీ కాదు, వేరే చొక్కా తొడుక్కుని వచ్చింది.

సిలబుల్ అంటే తెలుగు అక్షరమేనా?

దగ్గరి చుట్టమే గానీ ఒకటి కాదు. మనవాళ్లు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

విద్యార్థి అని రాసేటప్పుడు మనం వి, ద్యా, ర్థి అని మూడు అక్షరాలు రాస్తాం. నెమ్మదిగా పలికి చూడండి. నోరు విద్-యార్-థి అని విరుస్తుంది. రాతలో ద వెళ్లి యా మీద కూర్చుంది, పలుకులో మాత్రం అది వి తోనే ఉంది. ఛందస్సు పెట్టినవాళ్లు దీన్ని గమనించారు. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అన్నారు. వి హ్రస్వమే అయినా ఇక్కడ గురువు ఎందుకవుతుంది? పలుకులో దానికి ద్ అనే తలుపు మూసుకుంది కాబట్టి. మూసిన సిలబుల్ పలకడానికి ఎక్కువ సేపు పడుతుంది. పొల్లుతో కూడిన అక్షరం గురువు అనడానికీ కారణం ఇదే. విద్యార్థి గురువు, గురువు, లఘువు, అంటే తగణం. ఆ లెక్క తెలిసిన పిల్లకు ఇంగ్లీషు వాళ్లు క్లోజ్డ్ సిలబుల్, ఓపెన్ సిలబుల్ అని చెప్పేది సగం వచ్చినట్టే.

తేడా ఎక్కడంటే, తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు ఉంటే తప్ప మనకు తృప్తిగా ఉండదు. బస్ మనకు బస్సు, టికెట్ మనకు టికెట్టు, బెంచ్ మనకు బెంచీ. అలా అచ్చు చేర్చిన ప్రతిసారీ ఒక సిలబుల్ పెరుగుతుంది. బస్ ఒకటైతే బస్సు రెండు. స్కూల్ ఒకటైతే మా అమ్మమ్మ పలికే ఇస్కూలు మూడు. ఇంట్లో అలా పలకడంలో తప్పేమీ లేదు, అది మన భాష తీరు. ఇంగ్లీషు మాటను విరిచేటప్పుడు మాత్రం ఆ చివరి అచ్చును పక్కన పెట్టి లెక్కపెట్టాలి.

ఒక మాటలో ఎన్ని సిలబుల్స్ ఉన్నాయో ఎలా తెలుస్తుంది?

గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మాటను నెమ్మదిగా పలకండి. గడ్డం ఎన్నిసార్లు కిందికి దిగితే సుమారుగా అన్ని సిలబుల్స్. ఎందుకంటే ఒక్కో సిలబుల్‌కి ఒక్కో అచ్చు ధ్వని ఉంటుంది, అచ్చు పలకాలంటే నోరు తెరవాలి.

లెక్కించాల్సింది ధ్వనిని, రాతలో కనబడే ఏ, ఈ, ఐ, ఓ, యూ అక్షరాలను కాదు. కేక్ అనే మాటలో రెండు అచ్చులు రాస్తారు, వినబడేది ఒక్కటే. చివరి ఈ తను పలకదు, ముందున్న ఏ ని సాగదీస్తుంది. వెన్స్‌డే రెండే. కంఫర్టబుల్‌ని రాత చూసి నాలుగనుకుంటాం గానీ మామూలుగా మాట్లాడేటప్పుడు మూడే వినబడతాయి. వెజిటబుల్ కూడా అంతే. బిజినెస్ రాతలో మూడు, పలుకులో రెండు, బిజ్-నెస్. దాని పుట్టుక బిజీకి నెస్ చేర్చడమేనని తెలిస్తే మధ్యలో ఆ ఐ ఎందుకుందో అర్థమవుతుంది, స్పెల్లింగు ఇక మర్చిపోరు.

సరే, ఏ చోట విరవాలి?

రెండు అచ్చుల మధ్య రెండు హల్లులుంటే ఆ రెంటి మధ్యనే విరవండి: న్యాప్-కిన్, విన్-డో, డాక్-టర్. మన విద్-యార్-థి లాంటిదే.

ఒక్క హల్లే ఉంటే ముందు దాన్ని రెండో వైపుకి ఇచ్చి చదవండి: టై-గర్, మ్యూ-జిక్, పే-పర్. అలా చదివితే తెలిసిన మాటలా వినబడకపోతే ఆ హల్లును ముందు వైపుకి లాగండి: క్యాబ్-ఇన్, లెమ్-అన్, రివ్-అర్. మొదటి పద్ధతిలో అచ్చు సాగుతుంది, రెండో పద్ధతిలో పొట్టిగా ఉంటుంది. రెండూ ప్రయత్నించి చూడడం తప్ప దీనికి కచ్చితమైన రూలు లేదు. ఉందని చెబితే పిల్లల్ని మోసం చేసినట్టే.

జంట హల్లుల రహస్యం ఇక్కడే ఉంది. సూపర్‌లో ఒక పి, రాత్రి భోజనం అనే అర్థమున్న సప్పర్‌లో రెండు పి లు. ఆ రెండో పి ముందున్న అచ్చుకు తలుపు మూయడానికి వచ్చింది, అందుకే అది పొట్టిగా పలుకుతుంది. డైనర్, డిన్నర్ కూడా ఇంతే. తెలుగులో అత్త అంటే నిజంగానే త ని నొక్కి పలుకుతాం. ఇంగ్లీషులో ఆ ద్విత్వం గుర్తు మాత్రమే, నొక్కి పలకరు. మనం హ్యాప్పీ, సమ్మర్ అని ఒత్తు పెట్టి పలికేది అక్షరాలు రెండు కనబడుతున్నాయి కాబట్టి.

మాట చివర ఎల్-ఈ వస్తే అది తన ముందున్న హల్లును వెంట తీసుకెళ్తుంది: టే-బుల్, క్యాన్-డిల్, జం-గిల్.

సి-హెచ్, ఎస్-హెచ్, టి-హెచ్, పి-హెచ్ జంటలు ఒకే ధ్వని అయినప్పుడు వాటిని విడదీయకూడదు. ఇందులో ఒక చిక్కుంది. గొర్రెల కాపరిని షెపర్డ్ అంటారు. అందులో పి, హెచ్ పక్కపక్కనే ఉన్నా అది ఫ కాదు. షీప్, హెర్డ్ అనే రెండు మాటలు కలిస్తే పుట్టిన మాట అది. పి ఒకరిది, హెచ్ ఇంకొకరిది. నోటికి తెలియని సంగతిని ఇక్కడ అర్థం చెబుతుంది.

అర్థం ప్రకారం విరవాలంటే లాటిన్, గ్రీకు నేర్చుకోవాలా?

అక్కర్లేదు. తెలుగు మీడియం సైన్సు పుస్తకం చదివి ఉంటే చాలు. మన పారిభాషిక పదాలు తయారుచేసినవాళ్లు ఈ పని ఎప్పుడో చేసి పెట్టారు, గ్రీకు ముక్కకు సంస్కృత ముక్క జతచేశారు. హైడ్రో అంటే నీరు, జెన్ అంటే పుట్టించేది, కాబట్టి హైడ్రోజన్ ఉదజని. ఆక్సి అంటే ఆమ్లం, కాబట్టి ఆక్సిజన్ ఆమ్లజని. ఆమ్లాలన్నిటికీ ఆ వాయువే కారణమని 18వ శతాబ్దంలో ఫ్రాన్సులో లావోయిజర్ అనుకుని ఆ పేరు పెట్టాడు. తర్వాత అది పొరపాటని తేలినా పేరు అలాగే నిలిచిపోయింది, ఆ పొరపాటుతో సహా తెలుగులోకీ వచ్చింది. నత్రజనిలోనూ అదే జని ఉంది. యూరియా చల్లే రైతు రోజూ వాడే మాటే.

టెలి అంటే దూరం, స్కోప్ అంటే చూసేది: దూరదర్శిని. మైక్రో అంటే సూక్ష్మం: సూక్ష్మదర్శిని. పెరి అంటే చుట్టూ: పెరిస్కోప్ పరిదర్శిని. ఈ పెరి, మన పరిసరాల్లోని పరి అన్నదమ్ముల్లాంటివి. థర్మో వేడి, మీటర్ కొలిచేది: ఉష్ణమాపకం. బయో జీవం, లజీ శాస్త్రం: జీవశాస్త్రం.

తెలుగు మీడియం నుంచి ఇంటర్‌లో ఇంగ్లీషు మీడియంకి మారిన పిల్లలు పాత మాటల్ని మర్చిపోవాలని చూస్తారు. దయచేసి మర్చిపోకండి. నోట్సులో రెండు వరసలు గీసి, ఒకవైపు దూరదర్శిని, ఇంకోవైపు టెలిస్కోప్ రాసి, ముక్కకు ముక్క గీత కలపండి. ఇరవై మాటలకు ఇలా చేస్తే తెలియని నూరు మాటలకు దారి దొరుకుతుంది.

ఒకే ఉపసర్గ ఒక్కోచోట ఒక్కోలా ఎందుకు కనిపిస్తుంది?

సంధి వల్ల. లీగల్‌కి ఇన్ చేరితే ఇన్‌లీగల్ కావాలి, ఇల్లీగల్ అయింది. రెగ్యులర్‌కి చేరితే ఇర్రెగ్యులర్, పాసిబుల్‌కి చేరితే ఇంపాసిబుల్. మనకు ఇది వింతేమీ కాదు. ఉత్‌కి లాసం చేరితే ఉల్లాసం అయింది, సత్‌కి జనుడు చేరితే సజ్జనుడు, జగత్‌కి నాథుడు చేరితే జగన్నాథుడు. ముందు ధ్వని వెనక ధ్వనిలా మారడం రెండు చోట్లా ఒకటే. కాన్ అనే ఉపసర్గ కలెక్ట్‌లో ఎల్ అయింది, కరెక్ట్‌లో ఆర్ అయింది, కమిట్‌లో ఎమ్ అయింది. ఇంపాసిబుల్ పక్కన పెట్టాల్సింది మన సంపూర్ణం. పెదవుల మీద పలికే ప ముందు ముక్కుధ్వని కూడా పెదవుల దగ్గరికి వస్తుంది.

దీని వల్ల స్పెల్లింగుకు పెద్ద లాభం. ఇల్లీగల్‌లో ఎల్ ఒకటా రెండా అని తడబడక్కర్లేదు. ఒకటి ఉపసర్గది, ఇంకొకటి అసలు మాటది, కాబట్టి రెండు.

ఇంకొక చక్కని సంగతి. సంస్కృతంలో కాదు అని చెప్పే అ, అచ్చు ముందు అన్ అవుతుంది. న్యాయానికి అన్యాయం, ఆదరానికి అనాదరం. గ్రీకులోనూ అచ్చంగా ఇదే పద్ధతి. పాలకుడు లేని స్థితి అనార్కీ. రక్తం తక్కువవడం అనీమియా, అందులో అన్ అంటే లేదు, మిగతాది రక్తం, మన రక్తహీనత. అన్, లాటిన్ ఇన్, ఇంగ్లీషు అన్‌హ్యాపీలోని అన్ అన్నీ ఒకే మూలానివి.

ఇన్ ఉంటే ఎప్పుడూ కాదు అనే అర్థమేనా?

కాదు. ఈ ఒక్క జవాబు మాత్రం అందరూ చదవాలి. పెట్రోలు ట్యాంకర్ల వెనక ఇన్‌ఫ్లేమబుల్ అని రాసి ఉంటుంది. ఇన్ అంటే కాదనుకుని మండనిది అని అర్థం చెప్పిన పిల్లల్ని చూశాను. అక్కడ ఇన్ అంటే లోపలికి. లోపల మంట పుట్టేది, అంటే త్వరగా అంటుకునేది అని అర్థం. ఈ గందరగోళం ప్రాణాల మీదికి తెస్తుందనే చాలా చోట్ల ఇప్పుడు ఇన్ తీసేసి ఫ్లేమబుల్ అని రాస్తున్నారు. రెంటికీ అర్థం ఒకటే.

అంకుల్‌లో అన్ లేదు, మిస్టర్‌లో మిస్ లేదు, కార్పెట్‌లో కారూ లేదు, పెట్టూ లేదు. ముక్క తీసేశాక మిగిలిన దానికి అర్థం ఉందా అని అడగండి. లేకపోతే అది ముక్క కాదు.

ఆస్పత్రి బోర్డుల మీది మాటలు చదవడం ఎలా?

చివరి నుంచి మొదటికి రండి. ఐటిస్ అంటే వాపు. ఎక్టమీ అంటే కోసి తీసేయడం. స్కోపీ అంటే లోపల చూడడం. అపెండిసైటిస్ అంటే అపెండిక్స్ వాచింది, అపెండెక్టమీ అంటే దాన్ని తీసేస్తారు. గ్యాస్ట్రోఎంటరైటిస్‌లో కడుపు, పేగులు, వాపు మూడూ ఉన్నాయి. కార్డియో గుండె, నెఫ్రో మూత్రపిండం. కంటి డాక్టరు ఆఫ్తాల్మాలజిస్ట్ స్పెల్లింగులో మొదటి హెచ్ చాలామంది వదిలేస్తారు. ఆఫ్-థాల్-మాల్ అని విరిస్తే పి-హెచ్ మొదటి ముక్క చివర, టి-హెచ్ రెండో ముక్క మొదట ఉన్నాయని తెలుస్తుంది.

హైపర్, హైపో మధ్య తేడా ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. హైపర్‌టెన్షన్ రక్తపోటు ఎక్కువ, హైపోటెన్షన్ తక్కువ. హైపోథైరాయిడ్‌లో ఆ గ్రంథి తక్కువ పనిచేస్తుంది, హైపర్‌థైరాయిడ్‌లో ఎక్కువ. గుర్తు పెట్టుకోవడానికి మన మాటలే ఉన్నాయి. హైపర్‌కి బంధువు సంస్కృత ఉపరి, పైన. హైపోకి బంధువు ఉప, ఉపనదిలోని ఉప. ఉపరి ఎక్కువ, ఉప తక్కువ.

ఏ సిలబుల్ మీద ఒత్తాలి?

తెలుగులో మనం దాదాపు అన్ని అక్షరాలనూ సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో పొడుగు మాటలో ఒక్క సిలబుల్ పైకి లేస్తుంది, మిగతావి అణిగిపోతాయి. చివరి ప్రత్యయం చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. షన్ అని పలికే టి-ఐ-ఓ-ఎన్ చివర ఉంటే దాని ముందు సిలబుల్ మీద: ఎడ్యుకేషన్‌లో కే, ఇన్ఫర్మేషన్‌లో మే. ఇక్, ఇటీ, లజీ, గ్రఫీ ఉన్నా అంతే. ఫోటోగ్రాఫ్‌లో ఫో మీద ఉన్న ఒత్తు, ఫోటోగ్రఫీలో టా మీదికి, ఫోటోగ్రాఫిక్‌లో గ్రా మీదికి జరుగుతుంది. పాలిటిక్స్, అరబిక్ ఈ లెక్కకు లొంగవు, వాటిలో మొదటి సిలబుల్ మీదే.

డెవలప్‌మెంట్‌ని మనం డె మీద ఒత్తి పలుకుతాం, అసలు ఒత్తు వె మీద. హోటల్‌లో ఒత్తు రెండో సిలబుల్ మీద. ఒత్తును గురువు గుర్తుతో వేసుకోమని పిల్లలకు చెబుతాను, అలవాటైన గుర్తు కాబట్టి. ఒకటి మాత్రం గమనించాలి. గురువు కొలిచేది కాలాన్ని, ఇంగ్లీషు ఒత్తు ప్రధానంగా బలాన్ని.

రికార్డ్ అనే మాటకు నామవాచకం అయితే ఒత్తు మొదట, క్రియ అయితే చివర. విరుపు కూడా దానితోపాటే మారుతుంది: రెక్-అర్డ్, రి-కార్డ్.

నోటి విరుపు, అర్థం విరుపు తేడాగా వస్తే ఏది సరైనది?

రెండూ సరైనవే, ఏ పనికి ఏది అన్నదే ప్రశ్న. హెలికాప్టర్‌ని అందరూ హెలి, కాప్టర్ అని విరుస్తారు. 1861లో గుస్తావ్ పోంతో దామెకూర్ అనే ఫ్రెంచాయన ఆ మాట కట్టినప్పుడు వేసుకున్న ముక్కలు వేరు: హెలికో అంటే మెలితిరిగినది, ప్టెర్ అంటే రెక్క. జనం తప్పుగా విరిచిన హెలి నుంచే హెలిప్యాడ్ పుట్టింది, అదీ మంచి మాటే అయింది. హ్యాంబర్గర్ కూడా ఇలాంటిదే. అది హాంబుర్గ్ ఊరి పేరు మీద వచ్చింది. హ్యామ్, బర్గర్ అని విరిచాక బర్గర్ సొంతంగా బతకడం మొదలుపెట్టింది.

డిక్షనరీలు కూడా ఒక్కమాట మీద ఉండవు. 1783లో స్పెల్లింగు పుస్తకం వేసిన నోవా వెబ్‌స్టర్ కాలం నుంచి అమెరికా వాళ్లు పలుకును బట్టి విరుస్తారు, నాల్-ఎడ్జ్. బ్రిటన్ సంప్రదాయం పుట్టుకను బట్టి విరుస్తుంది, నో-లెడ్జ్. అమెరికా డిక్షనరీలో మాట మధ్య కనబడే చుక్కలు లైను చివర ఎక్కడ విరవొచ్చో చెప్పేవి. పలుకు కోసం పక్కనున్న ఉచ్చారణ గుర్తులు చూడాలి.

లైను చివర మాట పట్టకపోతే?

చేతిరాతలో అయితే విరవకండి, కింది లైనులో రాయండి. ఒకే సిలబుల్ ఉన్న మాటను ఎప్పుడూ విరవకూడదు. ఒక్క అక్షరాన్ని ఒంటరిగా వదలకూడదు. కంప్యూటర్‌లో ఈ పని దానంతట అదే జరుగుతుంది. 1983లో స్టాన్‌ఫర్డ్‌లో ఫ్రాంక్ లియాంగ్ తన పరిశోధనలో రూపొందించిన పద్ధతి డొనాల్డ్ కనూత్ రాసిన టెక్ అనే అక్షరకూర్పు ప్రోగ్రాంలో చేరింది.

స్పెల్లింగ్ బీలో మన పిల్లలు ఇదే చేస్తారా?

అవును. అమెరికాలో 1925లో మొదలైన ఆ స్పెల్లింగు చెప్పే పోటీలో పిల్లలు మాట అర్థం, అది ఏ భాష నుంచి వచ్చిందో అడగొచ్చు. గ్రీకు అని చెబితే ఫ ధ్వనికి పి-హెచ్, క ధ్వనికి సి-హెచ్ రాయాలేమోనని తడుతుంది, క్రోమోజోమ్‌లో లాగా. 2019లో ఎనిమిది మంది కలిసి గెలిచారు, వాళ్లలో ఏడుగురు భారతీయ మూలాలున్నవాళ్లు. అక్కడి తెలుగు ఇళ్లలో ఈ పోటీకి ఎంత సాధన జరుగుతుందో తెలిసినవాళ్లకు తెలుసు.

పిల్లలకు ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఒకటి రెండు తరగతుల్లో చప్పట్లు కొడుతూ సిలబుల్స్ లెక్కపెట్టించండి, అది చాలు. ఆరో తరగతి నుంచి ఉపసర్గలు, ప్రత్యయాలు. రోజుకు ఒక్క మాట, పాఠ్యపుస్తకంలోదే. పెద్దవాళ్లకు వయసు అడ్డం కాదు. మందుల చీటీ చదవాలని నా దగ్గరికి వచ్చి నేర్చుకున్న అమ్మమ్మలున్నారు.

అన్నిటికంటే పొడుగు మాటను కూడా విరవొచ్చా?

ఇంగ్లీషు డిక్షనరీల్లో 45 అక్షరాల మాట ఒకటుంది. 1935లో అమెరికాలో పజిళ్ల సంఘం వాళ్లు పొడుగు కోసమే దాన్ని కట్టారు. విరవండి: న్యుమోనో ఊపిరితిత్తులు, అల్ట్రా మించిన, మైక్రోస్కోపిక్ సూక్ష్మమైన, సిలికో ఇసుకరాతి పదార్థం, వొల్కేనో అగ్నిపర్వతం, కోని ధూళి, ఓసిస్ జబ్బు. మైక్రోస్కోపుకి కూడా అందనంత సన్నని రాతి ధూళి పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. ఏడు ముక్కలు చేశాక తెలియనిది ఏమీ మిగల్లేదు.

మాట సరదాకి పుట్టింది గానీ జబ్బు నిజమైనది. క్రషర్లలోనూ రాతి క్వారీల్లోనూ దుమ్ము పీల్చే కూలీలకు వస్తుంది. డాక్టరు చీటీ మీద రాసే పేరు నాలుగే సిలబుల్స్: సి-లి-కో-సిస్.